కాటా గదిలో కొత్త సిస్టం

కాటా బాబాయ్‌కి కంప్యూటర్లు రావు. ఆ మాట ఆయన మొహాన ఎవరూ అనలేదు, ఎందుకంటే పంతొమ్మిదేళ్లుగా ఆయన కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేస్తున్నాడు. ఆయనకి వచ్చిందల్లా ఒకే ఒక్క కంప్యూటర్. లారీలు తూచే కాటా పక్కన, పదడుగుల గదిలో, కిటికీ కింద బల్ల మీద కొలువుతీరిన కంప్యూటర్. అది తప్ప ఇంకోదాన్ని ముట్టుకోమంటే ఆయనకి ముచ్చెమటలు పోస్తాయి.

పని చూడబోతే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. నేలకి సమంగా పరిచిన పొడవాటి ఇనుప పలక మీదికి లారీ ఎక్కుతుంది. ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి. బాబాయ్ మీటలు నొక్కుతాడు, ప్రింటర్ కీచుకీచుమంటూ చీటీ కక్కుతుంది, ఆ చీటీలో ఉన్నదే సరుకు బరువు. చుట్టుపక్కల గోదాములన్నిటికీ ఆ చీటీయే సాక్ష్యం.

ఆ కంప్యూటర్‌కి మాత్రం కావలసినంత తిక్క ఉంది. సాయంత్రం ఆపితే తెల్లారేసరికి సర్వం మరిచిపోయి, తనని కొన్న ఏడాది జనవరి ఒకటో తేదీలో కూర్చుని ఉంటుంది. బాబాయ్ రోజూ విసుక్కోకుండా ఇవాళ ఫలానా తేదీ అని చెప్పి దాన్ని నమ్మిస్తాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు మొరాయిస్తే ఎడమ దవడ మీద ఒక్కటి చరుస్తాడు. కుడివైపు చరిస్తే లాభం లేదు, ఆ సంగతి ఆయనొక్కడికే తెలుసు. మీటల మీద అక్షరాలు చెరిగిపోయి చాలా ఏళ్లయింది. ఆయనకి అక్షరాలతో పని కూడా లేదు. కిందకి మూడుసార్లు, పక్కకి ఒకసారి, తర్వాత పెద్ద మీట. వేళ్ల పని వేళ్లు చేసుకుపోతుంటే, బాబాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ డ్రైవర్ల మీద కేకలేస్తూ కాలక్షేపం చేస్తుంటాడు. తెర మీద ఏం రాసుందో ఆయన చదివి పదేళ్లు దాటింది.

అలాంటి పచ్చటి సంసారంలోకి ఒక సోమవారం పొద్దున్న అమ్మగారు ఉత్తరం పట్టుకుని వచ్చారు.

అమ్మగారంటే కాటా యజమానురాలు. ఆ గదిలో దుమ్ము ఆవిడకి పడదు కాబట్టి, ఆవిడ గడప దాటి లోపలికి వచ్చారంటే విషయం గట్టిదే అనుకోవాలి. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడారు.

"ప్రోగ్రాం కంపెనీవాళ్లు రాశారు. పాత సిస్టంకి ఇక రిపేర్లు చెయ్యరట. కొత్త సిస్టం వేయించుకుంటే సరి, లేకపోతే మన తంటాలు మనమే పడాలట."

"ఇన్నాళ్లూ వాళ్లేం ఉద్ధరించారండీ? మొరాయిస్తే నేనే కదా నాలుగు తగిలించి దారిలో పెట్టేది."

"నాలుగు తగిలించా?"

"అంటే... ప్రేమగానేనండి."

అమ్మగారు ఆయన వంకా, కంప్యూటర్ వంకా మార్చి మార్చి చూశారు. "ఈ గది సంగతి మీకు తెలిసినట్టు నాకు తెలీదు. బుధవారం వాళ్ల ఇంజనీరు వచ్చి కొత్తది పెడుతుందట. ఒకరోజు వాడి చూడండి. మార్చాలా వద్దా మీరే చెప్పండి. మీ మాటే నా మాట." రెండుసార్లు తుమ్మి వెళ్లిపోయారు.

బాబాయ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వద్దు అన్న మాట అప్పటికే నాలుక చివర కూర్చుంది. కాకపోతే ఉన్నపళాన అనేస్తే విలువుండదు, ఆలోచించినట్టు కనపడాలి. అందుకని బుధవారం దాకా ఆలోచిస్తున్న మొహం పెట్టుకుని తిరగడానికి నిశ్చయించుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇంజనీరమ్మ గది కొలతల కోసం ఫోన్ చేసింది. బల్ల పొడవెంత, ప్లగ్గులెన్ని, అన్నీ అడిగింది. బాబాయ్ అన్నిటికీ జవాబు చెప్పి, చివర్లో ఏదో మాటవరసకి అన్నట్టు అడిగాడు. "అయితే అమ్మా, ఆ కొత్తదాంట్లో మనిషి చేసే పనేం ఉంటుంది?"

"పెద్దగా ఏం ఉండదు సార్. డ్రైవరు కార్డు చూపిస్తాడు, బరువు అదే తీసుకుంటుంది, చీటీ అదే వస్తుంది. కావాలంటే ఆపరేటర్‌ని పెట్టుకోవచ్చు."

కావాలంటే! ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట బాబాయ్ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మంచినీళ్లు కావాలంటే తాగొచ్చు, ఫ్యాను కావాలంటే వేసుకోవచ్చు, బాబాయ్ కావాలంటే ఉండొచ్చు. యాభై ఏడేళ్ల వయసులో తను ఆ వరసలో చేరాడన్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

సాయంత్రం ఇంటికెళ్లి నోట్‌బుక్కు తీశాడు. నడిమధ్య గీత గీసి, ఒకవైపు మార్చాలి అనీ, రెండోవైపు వద్దు అనీ రాశాడు. వద్దు వైపు కలం పరుగెత్తింది. కళ్లకి మంచిది కాదు. కరెంటు ఎక్కువ తాగుతుంది. డ్రైవర్లు కార్డులు పారేసుకుంటారు. పాతదానికి అలవాటైన ప్రింటర్ బెంగ పెట్టుకుంటుంది. ఇలా పదకొండు రాశాడు. మార్చాలి వైపు నున్నగా, తెల్లగా ఉంది.

ఆయన భార్య ఒక బడి ఆఫీసులో గుమస్తా. ఆ ఆఫీసులో ఇప్పటికి మూడుసార్లు సిస్టం మార్చారు. మూడుసార్లూ ఆవిడ వారం రోజులు ఇంటికొచ్చి తిట్టిపోసి, ఎనిమిదో రోజు నుంచి మరిచిపోయింది. ఆవిడ భర్త భుజం మీదుగా నోట్‌బుక్కులోకి తొంగిచూసింది.

"పదకొండు కారణాలు బాగానే రాశారు కానీ, పదకొండూ ఒకటే కదండీ."

"ఒకటా? ఏంటది?"

"భయం."

"నాకా? దేనికి?"

"అది మీరే చెప్పాలి. వచ్చినప్పటి నుంచి ఏదో మింగినట్టున్నారు."

చెప్పక తప్పలేదు. ఫోన్లో ఇంజనీరమ్మ అన్నదంతా చెప్పాడు. "ఆ గదిలో కూర్చున్నంతసేపూ నేను కాటా బాబాయ్‌ని. వంద లారీలు నా మాట వింటాయి. ఇంటికొచ్చేస్తే ఎవర్ని? నువ్వు ఎనిమిదింటికి వెళ్లిపోతావు. నేను సాయంత్రం దాకా ఈ కుర్చీలో కూర్చుని ఆ కుర్చీని చూస్తుండాలి."

భార్య నవ్వలేదు. పక్కన కూర్చుంది. "అయితే అమ్మగారికి ఇదే చెప్పండి."

"ఛ! అది కారణం ఎలా అవుతుంది?"

"మరి ప్రింటర్ బెంగ పెట్టుకోవడం అవుతుందా?"

బాబాయ్ నోట్‌బుక్కు మూసేశాడు. తన భార్యతో వాదించి నెగ్గిన దాఖలా ముప్పై ఏళ్లలో లేదు, ఆ పూట మొదలెట్టే ఓపికా లేదు.

బుధవారం ఇంజనీరమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. భుజాన బరువైన సంచీ, చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఫోను. కొత్త కంప్యూటర్ తీగలు బిగిస్తూనే, ఇంట్లో పిల్లాడి మేజోళ్లు ఎక్కడున్నాయో మొగుడికి చెబుతోంది. మేజోళ్లు దొరికేలోపు సిస్టం తయారైంది. పాతదాన్ని గది మూలకి జరిపి, దాని మీద తువ్వాలు కప్పింది. కొత్తదాని ప్లగ్గు తీగ పొట్టిది, కిటికీ దాకా అందలేదు. దాంతో బల్లని గోడవైపుకి తిప్పేసింది.

"ఇవాళ్టికి కార్డులేమీ లేవు సార్. మీరే నొక్కండి. ఈ మౌస్ పట్టుకుని, బాణం గుర్తుని ఇక్కడికి తెచ్చి, ఒక్క నొక్కు. అంతే."

మొదటి లారీకి ఆ బాణం గుర్తు బాబాయ్‌ని మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఇటు జరిపితే అటు పోయింది, అటు జరిపితే తెరలోంచే మాయమైంది. దొరికి నొక్కాక, "మీరు ఖచ్చితంగా నొక్కారా?" అని తెర అడిగింది. పంతొమ్మిదేళ్లలో పాతది ఒక్కసారి కూడా అలా అడిగి ఎరగదు. బాబాయ్‌కి రోషం వచ్చింది.

"నొక్కకపోతే నువ్వెందుకు అడుగుతావు?" అన్నాడు పైకే.

"అవును అని నొక్కండి సార్, అది అలాగే అడుగుతుంది," అంది ఇంజనీరమ్మ.

కానీ అయిదో లారీకి బాణం మాట వినడం మొదలెట్టింది. అరచేతంత పచ్చటి అంకెల్లో బరువు కనపడుతోంది. చీటీ కీచుమనకుండా, బుద్ధిగా జారి చేతిలో పడుతోంది. తేదీ దానికదే తెలుసు, ఒకరు చెప్పక్కర్లేదు. పదో లారీకి బాబాయ్ కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగి కూర్చున్నాడు. పదిహేనో లారీకి ఆయన పెదవుల మీద నవ్వు మొలిచింది. అరగంట పట్టే వరస పావుగంటలో కదులుతోంది. కిటికీ దగ్గర చీటీ అందుకున్న డ్రైవర్ ఒకడు "బాబాయ్, కుర్రాడివైపోయావు!" అన్నాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆయన ఆ మాటకి మురిసిపోయాడు. తను దేనికి వ్యతిరేకంగా ఉన్నాడో కాసేపు మరిచేపోయాడు.

ఆ మురిపెం మధ్యాహ్నం మూడింటిదాకా సాగింది.

మూడింటికి ఒక లారీ దింపని సరుకుతో వెనక్కి తిరిగొచ్చి కాటా ముందు ఆగింది. దాన్ని నడిపేవాణ్ణి అందరూ తొందరయ్య అంటారు. లారీ పూర్తిగా ఆగకముందే ఒక పెద్దావిడ కిందకి దూకింది. సరుకు ఆవిడ పొలంలో పండిన బంగాళాదుంపలు. చేతిలో పొద్దుటి చీటీ జెండాలా ఆడుతోంది.

"ఎవరయ్యా ఇది రాసింది? యాభై కిలోల బస్తాలు రెండొందలు. ఒక్కొక్కటీ నా కళ్లముందు నింపి, నా చేత్తో మూతి కుట్టాను. పది టన్నులు ఉండాలి. మీ చీటీలో ఎనిమిదే ఉంది. గోదాములో ఆయన చీటీలో ఎంతుంటే అంతే అంటున్నాడు. రెండు టన్నులు దారిలో ఎగిరిపోయాయా? నేను ఏడాదంతా ఆ దుంపల కోసమే బతికానయ్యా!"

గోల విని అమ్మగారు వచ్చారు. డ్రైవర్లు లారీలు వదిలేసి గుంపు కట్టారు. ఏం జరిగిందో తెలియడానికి ఎవరికీ అర నిమిషం పట్టలేదు.

"కొత్త సిస్టం! నేను అప్పుడే అనుకున్నా."

"బొమ్మలెక్కువ, బుర్ర తక్కువ."

"పాతదాన్ని పెట్టండి బాబాయ్, దాని దగ్గర గ్రాము తేడా రాదు."

ఇంజనీరమ్మ మొహం పాలిపోయింది. ఫోన్ సంచీలో పడేసి, తెర మీద ఏవేవో తెరిచి చూసింది. "పొద్దున్నే సరిచూశాను మేడమ్... ఇలా రాకూడదు... పలక నుంచి వచ్చే తీగ పాతదానికి మార్చి మళ్లీ తూచమంటే తూస్తాను. కానీ ఇది మా ఆఫీసులో తెలిస్తే..." అని ఆగిపోయింది. ఆ తర్వాతి మాట ఆవిడ ఉద్యోగం గురించేనని బాబాయ్‌కి అర్థమైంది.

అమ్మగారు బాబాయ్ వైపు తిరిగారు. "ఏం చేద్దామంటారు? పాతదాని మీద తూద్దామా?"

బాబాయ్ తువ్వాలు కప్పిన మూల వంక చూశాడు. అదృష్టం నడిచొచ్చి ఒళ్లో కూర్చోవడమంటే ఇదే. నోట్‌బుక్కులో పదకొండు కారణాలు అక్కర్లేదు, రెండు టన్నుల దుంపలు చాలు. పాతదాని మీద తూచి పది టన్నులని చూపిస్తే ఈ జన్మలో ఎవరూ కొత్త సిస్టం మాటెత్తరు. తన కుర్చీ తనదే. ఆయన చెయ్యి తువ్వాలు మీదికి వెళ్లింది కూడా.

కానీ ఆయనకి ఒక అనుమానం పురుగులా తొలుస్తోంది. తొందరయ్యని పక్కకి పిలిచాడు.

"పొద్దున్న సరుకుతో వచ్చినప్పుడు లారీ ఎక్కడ ఆపావురా?"

"ఎప్పుడూ ఆపేచోటే బాబాయ్."

"ఎప్పుడూ ఆపేచోట ఆపితే ఏమవుతుంది?"

"వెనక చక్రాలు సగం పలక మీదా, సగం బయటా ఉంటాయి. అప్పుడు మీరు కిటికీలోంచి తిడతారు. ముందుకి రారా, తోక బయటుంది అంటారు. నేను ముందుకొస్తాను."

"మరి ఇవాళ?"

"ఇవాళ మీరు తిట్టలేదు కదా!" అన్నాడు తొందరయ్య, తన తప్పేముందన్నట్టు. "కొత్త సిస్టం కదా, చక్రాలు బయటున్నా అదే చూసుకుంటుంది కాబోలు అనుకున్నా."

బాబాయ్ గోడవైపు తిరిగిన బల్లని చూశాడు. పొద్దుటినుంచీ తన వీపు కిటికీకి ఉంది. తన కళ్లు ఆ పచ్చటి అంకెల మీద ఉన్నాయి. ఏ లారీ ఎలా ఆగిందో, ఏ చక్రం ఎక్కడుందో ఒక్కటి కూడా చూడలేదు. పంతొమ్మిదేళ్లు కాలక్షేపం అనుకున్న పనిని ఒక్కరోజు మానేస్తే, ఒక ముసలమ్మ ఏడాది కష్టంలో రెండు టన్నులు గాల్లో కలిసిపోయాయి.

ఇప్పుడు లారీని పాతదాని మీద తూస్తే ఏమవుతుందో ఆయనకి అరచేతిలో గీతలా తెలుసు. అలవాటు కొద్దీ ముందుకి రా అని అరుస్తాడు. చక్రాలు లోపలికొస్తాయి. పది టన్నులు చూపిస్తుంది. పాతది గెలిచిందని అందరూ చప్పట్లు కొడతారు. ఆ అరుపు సంగతి ఎవరికీ తట్టదు, తొందరయ్యకి కూడా. నోరు మూసుకుంటే చాలు.

ఆయన తువ్వాలు మీది నుంచి చెయ్యి తీసేశాడు. ఆ చెయ్యి అంత బరువుందని ఆయనకి ఎప్పుడూ తెలీదు.

"తీగ మార్చకమ్మా," అన్నాడు ఇంజనీరమ్మతో. "కొత్తదాని మీదే తూద్దాం. నువ్వు లోపల నొక్కు. నేను బయట నిలబడతాను."

పలక పక్కన నిలబడి, లారీని జానెడు జానెడు జరిపించాడు. వెనక చక్రాలు పూర్తిగా పలక మీదికి వచ్చాక చెయ్యెత్తాడు. లోపల్నుంచి చీటీ వచ్చింది. పది టన్నుల మీద ఇరవై కిలోలు. పెద్దావిడ చీటీని రెండు చేతులా పట్టుకుని, ఆ ఇరవై కిలోలు తన లెక్కలో లేవని కూడా ఒప్పుకుంది.

బాబాయ్ అమ్మగారి ముందుకి వెళ్లి నిలబడ్డాడు.

"కంప్యూటర్ తప్పేం లేదండి. దాని మీద ఎంత పెడితే అంతే తూచింది. చక్రాలు చూసుకోవాల్సింది నేను. చూడలేదు. పొద్దుటి చీటీలు మిగతావీ నమ్మడానికి లేదు, ఆ లారీలన్నిటినీ పిలిపించి మళ్లీ తూచాలండి."

"అంటే తప్పు మీది."

"నాదేనండి."

"కొత్తది బాగానే ఉందా?"

"బంగారంలా ఉందండి." అక్కడితో ఆగలేదు కూడా. "నాకే నచ్చిందండి, ఏం దాచను."

"అయితే మార్చమంటారు."

"మార్చండి."

అమ్మగారు పలకని చూశారు, కిటికీని చూశారు, గోడవైపు తిరిగిన బల్లని చూశారు. చివరికి, "అయితే రేపట్నుంచి మీరు ఆ గదిలో కూర్చోడానికి వీల్లేదు," అన్నారు.

బాబాయ్ తలూపాడు. అనుకున్నదే. గదిలోకి వెళ్లి, కుర్చీ మీది దిండు తీసుకున్నాడు. మంచినీళ్ల సీసా తీసుకున్నాడు. మేకుకి తగిలించిన గొడుగు తీస్తుంటే రెండుసార్లు జారింది. కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము మీద పెట్టేయొచ్చని, అమ్మగారికి లాగా రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అన్నీ చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఎక్కడికి?" అన్నారు అమ్మగారు.

"ఇంటికండి."

"మీరు ఇంటికెళ్తే చక్రాలు ఎవరు చూస్తారు? నేనా?"

బాబాయ్ చంకలో జారుతున్న గొడుగు సర్దుకున్నాడు.

"మీటలు ఎవరైనా నొక్కుతారు," అన్నారు అమ్మగారు చిరాగ్గా. "కార్డులు పెడితే డ్రైవర్లే నొక్కుకుంటారని ఈ అమ్మాయి చెబుతోంది. కానీ వీళ్లని జానెడు ముందుకి జరిపించాలంటే ఎవరి తరం? ఆ పలక పక్కనే ఒక రేకుల పందిరి వేయిస్తాను. కుర్చీ అక్కడ వేసుకోండి. మీరు చెయ్యెత్తితే తప్ప ఏ చీటీ బయటికి రాకూడదు." ఇంజనీరమ్మ వైపు తిరిగారు. "అలా పెట్టొచ్చా అమ్మా?"

"పెట్టొచ్చు మేడమ్. బయట ఒక బటన్ పెడతాను. సార్ నొక్కితేనే చీటీ." ఆవిడ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

బాబాయ్ దిండూ, సీసా, గొడుగూ చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏడవాలో నవ్వాలో తెలీక, కనపడ్డ తొందరయ్యని పట్టుకుని దులిపేశాడు. "చూస్తావేంటిరా? తీయి లారీ! వెనక వరస ఎంతుందో చూశావా?"

నెల తిరిగేసరికి పందిరి వచ్చింది, బటన్ వచ్చింది. ఇంజనీరమ్మ సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. బాబాయ్ పొద్దుటినుంచి సాయంత్రం దాకా పలక చుట్టూ తిరుగుతున్నాడు. వంగి చక్రాలు చూస్తాడు, నిచ్చెనెక్కి, బరువు పెంచడానికి లారీ క్యాబిన్లో దాక్కున్న మనుషుల్ని దింపిస్తాడు, చెయ్యెత్తుతాడు. కిటికీలోంచి తిట్టిన తిట్లు ఇప్పుడు దగ్గర్నుంచి పడుతున్నాయని డ్రైవర్లు లబోదిబోమంటున్నారు. ఆయన చెయ్యి ఎత్తేదాకా మాత్రం ఒక్కడూ ఇంజను ముట్టుకోడు.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే భార్య తువ్వాలు అందిస్తూ అడిగింది.

"మార్చాలా వద్దా అని అంత మథనపడ్డారు. ఇంతకీ కొత్త సిస్టం ఎలా ఉందండీ?"

బాబాయ్ మొహం తుడుచుకున్నాడు.

"ఏమో! అది చూసే తీరిక నాకెక్కడిది?"